గో బ్యాక్ అన్నది నేనే

ఒక్క నినాదంతో నన్ను నేనే న్యూజిలాండ్ నుంచి తరిమేసుకోబోయిన ఘనత నాది. తలుచుకుంటే నవ్వు కంటే ముందు నీరసం వస్తుంది. అయినా వినండి.

వెల్లింగ్టన్‌లో చదువుకుంటూ, ఆ పక్క ఊరు లోవర్ హట్‌లో విజయ ఆంటీ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ నర్సు. నా వీసా పొడిగింపు ఇంకా రాలేదు. "అది చేతికొచ్చేదాకా ఏ గొడవల్లోనూ తలదూర్చకురా" అని రోజూ అన్నంతోపాటు వడ్డించేది.

నేను దూర్చాను. గొర్రెల పొలాల మధ్య వేరే దేశంవాళ్ళ మిలటరీ కేంద్రం ఒకటుంది. దాన్ని ఎత్తెయ్యాలని మా యూనివర్సిటీ పిల్లలు ధర్నాకి బయల్దేరారు. చివరి వరసలో కాసేపు నిలబడి వచ్చేద్దామనుకున్నాను. ఒట్టు, అంతే అనుకున్నాను!

కంచె దగ్గర చలిగాలి, సన్నటి వాన. మావాళ్ళు ఎంత మర్యాదగా నినాదాలిస్తున్నారంటే, లోపలివాళ్ళు టీకి పిలుస్తారేమో అనిపించింది. గుంటూరులో కాలేజీలు మూయించిన గొంతు నాది. ఊరుకుంటుందా?

"అలా కాదు మియా, ఇటివ్వు" అంటూ మా నాయకురాలి చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఫారినర్స్, గో బ్యాక్!"

ఎవరూ అందుకోలేదు. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా అరిచాను. వెనక్కి తిరిగితే మా క్లాసు శ్రీలంక అబ్బాయి, ఫిలిప్పీన్స్ అమ్మాయి నన్నే చూస్తున్నారు.

"మేం కూడానా?" అంది ఆ అమ్మాయి.

"ఛ, మీరు కాదు. లోపలున్న సైనికులు!"

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది" అంది మియా, మైకు తీసేసుకుంటూ. "టీవీ వాళ్ళు నిన్ను వీడియో తీసేశారు."

ఇంతలో అటుగా పోతున్న ఓ ముసలి రైతు ట్రక్కు ఆపి దిగి, నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"శభాష్! ఏళ్ళ తరబడి నేను మొత్తుకుంటున్నదీ ఇదే. ఇంతకీ నీ ఫ్లైట్ ఎప్పుడు?"

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆంటీ టీవీ ముందే ఉంది. వార్తల్లో నేనే అరుస్తున్నాను. గుంటూరులో మావాళ్ళకి ఏం చెప్పాలి?

"ఆంటీ, నా వీసా ఆపేస్తారంటారా?"

"వాళ్ళెందుకు ఆపుతార్రా? పొమ్మని నువ్వే చెప్పేశావుగా. వాళ్ళకి పని తగ్గించావు."

వీసా వచ్చింది, ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఆ కేంద్రం మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్లలు ఇంకా వెళ్ళి అరుస్తూనే ఉన్నారు, నాకే ఓపిక అయిపోయింది. అయినా ఆ గొర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరినైనా దేశం వదిలి పొమ్మనాల్సివస్తే, ముందు నా పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకుంటాను.