ఒక్క వేసవి కోసం పిస్తోలు

చెస్ట్‌మీర్ నలభై ఏళ్ళు కొలత పరికరాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మిగతా పనివాళ్ళు కోసిన ఇనుప ముక్కలు కొలతకు సరిగ్గా ఉన్నాయో లేవో తేల్చే గేజీలు అతని చేతిలో తయారయ్యేవి. వెంట్రుక మందంలో పదో వంతు తేడా ఉన్నా చాలు, మూడు రోజుల పనిని తుక్కు డబ్బాలో పడేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మా కొండ ఊళ్ళో అతని గురించి రెండే మాటలు చెప్పుకునేవారు: చెయ్యి బంగారం, నోరు చేదు.

నా పేరు హినెక్. ఊరి చివర పాత రాళ్ళ క్వారీలో మా షూటింగ్ క్లబ్బు ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ తాళాలు, పొయ్యి, స్కోరు పుస్తకం అన్నీ నా చేతిలోనే. చెస్ట్‌మీర్ నా కంటే ముందే అక్కడున్నాడు. అతనిది చిన్న పిస్తోలు. బఠాణీ గింజంత తూటా, కొమ్మ విరిగినంత చప్పుడు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండోది బారచాపి, ఇరవై అయిదు మీటర్ల దూరంలో పది తూటాలనూ ఒక నాణెం కింద దాచగలిగేవాడు. పెద్ద క్యాలిబర్ వాళ్ళంటే అతనికి చులకన. మా ఆటలో తూటా లావు తొమ్మిది మిల్లీమీటర్లూ ఆపైనా ఉంటే పెద్ద క్యాలిబరే. వాళ్ళు పక్క వరుసలో ధనాధన్ కాలుస్తుంటే, "ఫిరంగి దళం దిగింది, చెవులు కాపాడుకోండి" అని గొణుక్కునేవాడు.

అతనికి అరవై మూడో ఏడు. ఏప్రిల్‌లో ఒక శనివారం నేను అతని టార్గెట్ కాగితం తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. పది రంధ్రాలు కాగితమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి.

"కొత్త తూటాలా?" అన్నాను.

"పాతవే."

"మరి?"

కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు తమంతట తామే కదులుతున్నాయి, ఏదో నలుపుతున్నట్టు. ఇద్దరం కాసేపు ఆ వేళ్ళనే చూశాం.

"జనవరి నుంచి ఇంతే. నరాల డాక్టరమ్మ దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చాను. దానికో పేరుంది, పలకడం నాకిష్టం లేదు. మాత్ర వేసుకుంటే ఒక మూడు గంటలు చెయ్యి నా మాట వింటుంది. వచ్చే మార్చిలో నా పిస్తోలు లైసెన్సు గడువైపోతుంది కదా, అప్పుడు ఆరోగ్య పత్రం మీద సంతకం పెట్టనని మొహం మీదే చెప్పింది. అప్పటిదాకా మాత్ర పట్టు ఉన్నప్పుడే, నీ కళ్ళముందే కాల్చమంది."

కాఫీ పోశాను. కప్పు ఎడమచేత్తో అందుకున్నాడు.

"ఒరేయ్ హినెక్, నాకొక పెద్ద పిస్తోలు కావాలి."

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. "నీకా? ఫిరంగా?"

"రెండు చేతులతో పట్టుకోవచ్చుగా మీ సెప్టెంబరు పెద్ద పిస్తోళ్ళ పోటీలో. బరువుంటే వణుకు కొంచెం మింగుతుంది. ఈ వేసవి ఒక్కటే ఉందిరా నాకు. ఇంట్లో కూర్చుని గోడ చూడమంటావా?"

ఆ పోటీ పెద్దదేం కాదు. చుట్టుపక్కల మూడు క్లబ్బుల వాళ్ళొస్తారు. గెలిచినవాడికి పొగబెట్టిన పంది తొడ, ఓడినవాడికి అందరితో పాటు సాసేజీ, ఆవాల ముద్ద. పిస్తోళ్ళన్నీ పెట్టెల్లోకి వెళ్ళి తాళం పడ్డాకే బీరు. అంతే.

మే నెలలో మూడు శనివారాలు అతని కోసం పిస్తోళ్ళు పోగుచేశాను. మొదటిది రదొవాన్‌ది. రదొవాన్ లారీ డ్రైవరు, నలభై ఏళ్ళవాడు, గొంతు క్వారీ అంతా వినిపిస్తుంది. అతనిది నలభై అయిదు క్యాలిబర్ పిస్తోలు, తూటా చిటికెన వేలంత లావు.

"అమ్మయ్యో, మహానుభావుడు మా వరుసలోకి దిగొచ్చాడు! చెవుల్లో దూదులు పెట్టుకున్నావా తాతా, మీ అమ్మకి వినిపించేలా పేలుతుంది ఇది" అన్నాడు రదొవాన్.

"మా అమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయింది. నీ అరుపులకే లేవలేదు, దీనికి లేస్తుందా?" అన్నాడు చెస్ట్‌మీర్.

మొదటి అయిదు తూటాలూ నల్లటి వృత్తంలోనే పడ్డాయి. ట్రిగ్గర్ అతనికి నచ్చింది. "గాజు కడ్డీ విరిగినట్టు తెగుతోంది. సాగదు, జారదు" అన్నాడు. కానీ ప్రతి తూటాకీ అది మణికట్టును వెనక్కి తన్నింది. ఇరవయ్యో తూటా తర్వాత పిస్తోలు కింద పెట్టి చెయ్యి చంకలో దాచుకున్నాడు. ఆ దెబ్బలు పడేకొద్దీ వణుకు భుజం దాకా పాకిందని నాకు కనిపించింది. రదొవాన్‌కీ కనిపించినట్టుంది, ఆ రోజు ఇంకే జోకూ వేయలేదు.

రెండోది కొత్త రకం, ప్లాస్టిక్ ఒంటిది, తొమ్మిది మిల్లీమీటర్లది. చాలామంది అదే కొంటారు, తుప్పు పట్టదు, మొండిది. చెస్ట్‌మీర్ దాన్ని ఎత్తి గురి చూశాడు. "జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌లా ఉంది" అన్నాడు. బరువు లేదు కాబట్టి ముందున్న గురిబొడిపె అతని నాడి కొట్టుకున్నప్పుడల్లా గెంతింది. ట్రిగ్గర్ స్ప్రింగులా సాగింది. ఎక్కడ తెగుతుందో చెప్పలేని ట్రిగ్గర్‌తో, ఎప్పుడు కదులుతుందో చెప్పలేని చెయ్యి కలిస్తే ఏమవుతుంది? ఆరు తూటాలతో సరిపెట్టాడు.

మూడోది ఎవరూ అడగకుండా అల్మరాలో పడున్న పాత ఉక్కు పిస్తోలు. అదీ తొమ్మిది మిల్లీమీటర్లదే. కిలో పైన తూగుతుంది, బరువంతా ముందుకే ఉంటుంది. దాని యజమాని చనిపోతే భార్య అమ్మిపెట్టమని మాకు వదిలివెళ్ళింది. చెస్ట్‌మీర్ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకునే టార్గెట్ వైపు ఎత్తి, తెరిచి చూశాడు. గురి కొంచెం ఎడమకు ఉంది, అంతే.

"నా చేతికి దాదాపు సరిపోయింది. పిడి లావు, వేలు ట్రిగ్గర్ మీదకి పూర్తిగా చేరట్లేదు. అది నేను చూసుకుంటాను."

కాల్చాడు. తన్ను నెమ్మదిగా వచ్చింది, భుజం మీద చెయ్యేసి తోసినట్టు. పది తూటాలు అరచేయి వెడల్పులో పడ్డాయి. పాత చెస్ట్‌మీర్ అయితే సిగ్గుపడేవాడు. ఈ చెస్ట్‌మీర్ ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కాగితాలన్నీ పూర్తయి పిస్తోలు అతని పేరు మీదకి మారేసరికి జూన్ సగం గడిచింది. తర్వాత ఆరు వారాలు పెరట్లో ఎండిపోయిన ప్లమ్ చెట్టు చెక్కతో పిడికి కొత్త పలకలు చేశాడు. ఒకరోజు చూద్దామని వెళ్ళాను. వంటింట్లో అతని భార్య బొహుమిలా పుట్టగొడుగుల సూపు కలుపుతోంది. షెడ్డులోంచి ఆకురాయి గీసే చప్పుడు వస్తోంది.

"విన్నావా? రోజంతా అదే. మాత్రకీ మాత్రకీ మధ్య గీకుతూనే ఉంటాడు. నిన్న సూపు గిన్నె ఎత్తలేక చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. నేను తుడవబోతే కసిరాడు. నువ్వైనా చెప్పవా హినెక్?" అంది.

"ఏం చెప్పమంటావు?"

"ఏమో. నాకు తెలిస్తే నేనే చెప్పేదాన్ని." గరిటె గిన్నె అంచుకి కొట్టి పక్కన పెట్టింది. "నాతో మాట్లాడడు. ఆ ఇనుముతో మాట్లాడినట్టు నాతో మాట్లాడితే చాలు."

షెడ్డులో చెస్ట్‌మీర్ పలకను బల్ల మీది వైస్ దవడల్లో బిగించి గీస్తున్నాడు. ఆకురాయి ముందుకూ వెనక్కీ కదులుతున్నంతసేపూ చేతుల్లో వణుకు కనిపించలేదు. ఆపగానే మొదలైంది. అందుకే ఆపకుండా గీస్తున్నాడని అప్పుడర్థమైంది.

"నీ పెళ్ళాం బాధపడుతోంది" అన్నాను.

"నాకు తెలుసు."

"మరి మాట్లాడొచ్చుగా."

"మాట్లాడితే ఏడుస్తానురా" అన్నాడు, మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరు పోటీ రోజు. తొమ్మిదికి మొదలవ్వాలి. చెస్ట్‌మీర్ ఎనిమిదింబావుకి మాత్ర వేసుకుని వచ్చాడు, ఇస్త్రీ చేసిన చొక్కాతో. కానీ క్వారీ నిండా పొగమంచు. టార్గెట్లు కాదు కదా, వాటిని నిలబెట్టే కర్రలే కనిపించలేదు. కనిపించకుండా కాల్చనివ్వడం నా వల్ల కాదు. తొమ్మిదిన్నరయింది, పది అయింది. జనం టీ తాగుతూ వాతావరణాన్ని తిట్టుకుంటున్నారు. చెస్ట్‌మీర్ బెంచీ చివర కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"ఇంకో మాత్ర వేసుకోకూడదా?" అని చెవిలో అడిగాను.

"మధ్యాహ్నం దాకా కుదరదు. లెక్క తప్పితే ఇంకో రకంగా ఆడతాను, డాన్సులాగా. నీ పని నువ్వు చూసుకో."

పదిన్నరకు మంచు విడింది. ముందు కాల్చేవాళ్ళలోనే అతన్ని పెట్టాను. ఆ మాత్రం పక్షపాతం చూపించాను, ఒప్పుకుంటున్నాను. అతని ఎడమ పక్క టార్గెట్ రదొవాన్‌ది. మొదటి పది తూటాల్లో చెస్ట్‌మీర్‌కి నూటికి తొంభై రెండు వచ్చింది. పెద్ద పిస్తోలుతో అతని జీవితంలో అదే ఎక్కువ. రదొవాన్ ఈల వేశాడు. "తాతా, ఆ పంది తొడ మీద కన్నేశావా?"

"నువ్వు కొవ్వు తినకూడదు, నీ పొట్ట చూసుకో" అన్నాడు చెస్ట్‌మీర్. చాలా నెలల తర్వాత అతను నవ్వడం చూశాను.

కాగితాలు మార్చి, అతికించి, రెండో విడత మొదలయ్యేసరికి పదకొండుంబావు. నేను అతని వెనకే నిలబడ్డాను. మొదటి మూడు తూటాలూ బాగానే వెళ్ళాయి. నాలుగోదానికి పిస్తోలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. అతని మోచేతుల దగ్గర చొక్కా గుడ్డ కదులుతోంది. ఆపుదామా అని నేననుకునేలోపే పేలింది. అతని కాగితం మీద కొత్త రంధ్రం లేదు.

వెంటనే పిస్తోలు బల్ల మీద దించాడు. తూటాల మ్యాగజైన్ తీశాడు, గొట్టం వెనక గదిలో ఉన్న తూటా బయటికి లాగాడు, ఖాళీ గది నాకు చూపించాడు. అన్నీ వరుస తప్పకుండా చేశాడు. ఆ తర్వాతే రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాడు.

"నా పని అయిపోయింది" అన్నాడు.

అందరూ కాల్చడం ముగించాక టార్గెట్ల దగ్గరికి నడిచాం. రదొవాన్ కాగితం మీద పదకొండు రంధ్రాలున్నాయి. పది లావువి. ఒకటి సన్నది, కాగితం అంచున. అది ఎవరిదో చిన్న పిల్లాడైనా చెప్పగలడు.

రదొవాన్ నా వైపు తిరిగి, "అది నాదే. లెక్క తప్పి పదకొండు కాల్చాను. నా స్కోరులోనే కోత వేసెయ్" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడగలడని నాకప్పటిదాకా తెలియదు.

"నీ రంధ్రంలో వేలు పడుతుంది, దీంట్లో పెన్సిలు కూడా ఇరుకే" అన్నాడు చెస్ట్‌మీర్. "నలభై ఏళ్ళు తప్పు ముక్కలు ఏరడమే నా పని. నాకా అబద్ధం చెబుతావు?"

"తాతా, నేను..."

"తెలుసు. మంచివాడివి. ఇప్పుడు నోరు మూసుకో." తర్వాత నాతో, "రాయి. నాలుగో తూటా, పక్కవాడి కాగితం, నాది. మిగతావి కాల్చలేదు."

రాశాను. చేతిలో పెన్ను ఎంత నొక్కానంటే కాగితం చిరిగింది.

సాసేజీ తిన్నాడు, బీరు ముట్టలేదు. నేనే ఇంటికి దింపాను. దారిలో ఒక్కసారే నోరు తెరిచాడు. "మనిషికి తగల్లేదు కదా" అన్నాడు. "వెనక రాతిగోడ. ఎవరూ లేరు" అన్నాను. తలూపాడు. కానీ ఆ మాట తనలో తాను ఇంకా రెండుసార్లు అనుకోవడం విన్నాను.

మార్చి దాకా ఆగలేదు. అక్టోబరులోనే పోలీసు కార్యాలయానికి వెళ్ళి లైసెన్సు అప్పగించేశాడు. పిస్తోలు కొంటానని రదొవాన్ వచ్చాడు. చెస్ట్‌మీర్ అతని అరచెయ్యి తిప్పి చూసి, "పార లాంటి చెయ్యి. దీనికిది బొమ్మలా ఉంటుంది. జాలితో పిస్తోలు కొనకూడదు, చేతికి సరిపోతే కొనాలి" అని పంపేశాడు. చివరికి పక్క ఊరి నర్సొకావిడ కొనుక్కుంది. ఆమెకు పట్టు ఎలా ఉండాలో కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడట.

తర్వాత రెండేళ్ళు శనివారాలు వచ్చి నాకు స్కోరు రాసిపెట్టాడు. మొదట్లో అక్షరాలు అచ్చులా ఉండేవి. తర్వాత నెలనెలా చిన్నవైపోయాయి. ఆ జబ్బులో అలాగే అవుతుందట. ఆవగింజలంత అయ్యాక నేను ఇంటికి తీసుకెళ్ళి భూతద్దం పెట్టుకుని ఇంకో పుస్తకంలో మళ్ళీ రాసేవాణ్ణి. ఒకసారి ఆ రెండో పుస్తకం అతని కంట పడింది. ఆ తర్వాతి శనివారం నుంచి రావడం మానేశాడు.

పడక మీదే ఒక ఏడాది గడిచింది. మింగడం కష్టమైంది, ఆఖర్న న్యుమోనియా వచ్చింది. ఫిబ్రవరిలో పూడ్చాం. నేల గడ్డకట్టి ఉండటంతో గొయ్యి తవ్వడానికే రెండు రోజులు పట్టింది. రదొవాన్ లారీ ఆపుకుని పని బట్టలతోనే వచ్చి వెనక వరుసలో నిలబడ్డాడు.

వసంతం మొదట్లో బొహుమిలా క్లబ్బుకి వచ్చింది. పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో అక్కడ కాలు పెట్టడం అదే మొదటిసారి. అతను ఎక్కడ నిలబడేవాడో చూపించమంది. మూడో నంబరు దగ్గరికి తీసుకెళ్ళాను. సిమెంటు గచ్చు, చెక్క బల్ల, ఎదురుగా గడ్డి, ఆ వెనక తడిసిన రాతిగోడ.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

బల్ల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. "ఇక్కడ మాట్లాడేవాడా?"

"మాట్లాడేవాడు. ఎక్కువ తిట్లే."

"ఇంట్లో తిట్టినా బాగుండేది" అంది. చినుకులు మొదలయ్యాయి. లోపల పొయ్యి వెలిగించి ఉంది, వచ్చి కూర్చోమన్నాను. బస్సుకి వేళైందంటూ కోటు గుండీలు పెట్టుకుని ఆ చినుకుల్లోనే వెళ్ళిపోయింది.