లాజరస్ గారి చలి

లాజరస్ గారి లెక్కలో ఈ లోకంలో ఏ యంత్రం మొరాయించినా కారణం ఒక్కటే: చలి.

ఇదేదో కాశ్మీరులో అయితే సరే అనుకోవచ్చు. ఆయన ఎలక్ట్రీషియనుగా పనిచేసే కంటి ఆసుపత్రి వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడ జనవరిలో కూడా మిట్టమధ్యాహ్నం చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అయినా ఇరవై రెండేళ్ళుగా మరమ్మతుల పుస్తకంలో "కారణం" అన్న గడిలో ఆయన రాసింది ఆ ఒక్క మాటే.

ఒకసారి రోహిణి కార్తెలో డాక్టరు గారి గదిలో ఫ్యాను ఆగిపోయింది. లాజరస్ గారు నిచ్చెనెక్కి చూసి, "చలి సార్," అన్నారు.

"బయట నలభై నాలుగు డిగ్రీలయ్యా!"

"ఇది మొన్న జనవరిలో పట్టింది సార్. ఇనుము గదా, బయటపడేదానికి టైము పడతాది."

బోరు మోటారు కాలిపోతే భూమి లోపలి చలి. ఇస్త్రీపెట్టె పనిచేయకపోతే, "దానికే ఎక్కువ. వేడికి అలవాటుపడిన ప్రాణం," అన్నారు. ఇంత చెప్పే మనిషి డిసెంబరు మంచులో కూడా పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతారు, చన్నీళ్ళు పోసుకుంటారు. అదేమంటే, "నేనేమన్నా మిషనునా?" అంటారు.

ఇదంతా చూసి ఒళ్ళు మండిన మనిషి మెర్లిన్. కోవూరు అమ్మాయి. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, సెప్టెంబరులో ఆయన మీద సూపర్‌వైజరుగా చేరింది. మొదటిరోజే ఆ పుస్తకం తిరగేసి, "ఒక్కరోజైనా అసలు కారణం రాయించకపోతే నా పేరు మెర్లిన్ కాదు," అనుకుంది. అవకాశం కోసం మూడు నెలలు కాచుకుంది.

డిసెంబరు రెండోవారంలో అది దొరికింది. పొద్దున ఏడింటికి షెడ్డులో బ్యాటరీ కారు కదలనంది. ఏదో పెద్దవాళ్ళ గోల్ఫు మైదానంలో తిరిగి తిరిగి, విరాళంగా ఇక్కడికి చేరిన బండి అది. వార్డు నుంచి ఆపరేషన్ థియేటరు దాకా ఇసుక దారిలో ముసలివాళ్ళను మోసేది అదే. ఆరోజు పదకొండుమందికి శుక్లాల ఆపరేషన్లు.

"తాళం తిప్పితే టిక్కుమని కూడా అన్లేదు మేడమ్," అన్నాడు డ్రైవరు మస్తానయ్య. "నిన్న నాలుగింటికే ఛార్జింగు పెట్టి పోయినా నేను. దేవుడి తోడు!"

మేనేజరు కిషోర్ బాబు గారు వచ్చారు. మూడుసార్లు తప్పు చేసినవాళ్ళను ఉద్యోగంలోంచి తీసేసే పద్ధతిని ఆయన ఈమధ్యే పెట్టారు. "కారణం, బాధ్యుల పేరు, రెండూ పదింటికల్లా నా బల్ల మీద ఉండాలి," అని వెళ్ళిపోయారు.

మస్తానయ్య రోగులను చక్రాల కుర్చీల్లో తోసుకుపోయాడు. షెడ్డులో మిగిలింది మెర్లిన్, లాజరస్ గారు.

"చలేనమ్మా," అన్నారు లాజరస్ గారు, బండిని చూడకుండానే.

"ఫోన్లో ఇరవై రెండు డిగ్రీలు చూపిస్తోంది అంకుల్."

"ఫోను నీ జేబులో వెచ్చగా ఉండాది గదా. దానికేం తెలుసు?"

మెర్లిన్ పళ్ళు నూరుకుని పనిలోకి దిగింది. తాళం బాగుంది. ముందుకీ వెనక్కీ నడిపే మీట సరిగ్గానే ఉంది. సీటు ఎత్తింది. ఉప్పుగాలికి బ్యాటరీల కొసల మీద పట్టిన పచ్చటి చిలుము గీకింది. నీళ్ళు చూసింది, నిండుగా ఉన్నాయి. మీటరు పెట్టింది. నలభై ఎనిమిది ఓల్టులు ఉండాల్సిన చోట ముప్పై తొమ్మిదే.

అంటే ఛార్జి ఎక్కలేదు. వైరు పట్టుకుని గోడదాకా వెళ్ళబోతే లాజరస్ గారు అడ్డంగా నిలబడ్డారు.

"ఆడేముంటాదమ్మా? చలి అంటా ఉంటే!"

"తప్పుకోండి అంకుల్."

ఛార్జరు ప్లగ్గు నేల మీద పడి ఉంది. గోడ మేకుకు నీళ్ళు కాచే కడ్డీ వేలాడుతోంది. కింద తడి, బక్కెట్టు పెట్టిన గుండ్రటి మచ్చ. మెర్లిన్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అంతలో వార్డు ఆయా పేరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేనే పీకినానమ్మా," అంది. "ఆపరేషన్ అయితే నెలదాకా తలకు నీళ్ళు తగలగూడదు గదా, ముందురోజే తలస్నానం చేయించాల. నిన్న సాయంత్రం సముద్రం మింద గాలికి ముసలోళ్ళు గడగడ వణికిపోయినారు. చన్నీళ్ళు పొయ్యబుద్ధి కాలా. వార్డులో కడ్డీ పెడితే ఫ్యూజు పోతాది. ఈడ పెద్ద ప్లగ్గు ఉండాదని పదకొండు బక్కెట్లు కాచినా. మళ్ళీ పెట్టేది మరిచిపోయినా."

ఆమె పేరు మేనేజరు గారి తప్పుల జాబితాలో అప్పటికే రెండుసార్లు ఎక్కింది. గ్లాసులు పగిలినందుకోసారి, ఆలస్యంగా వచ్చినందుకోసారి. కరెంటు విషయాలు కావు గనుక లాజరస్ గారి చలి అక్కడిదాకా చేరలేదు. ఇది మూడోది.

రిపోర్టు రాయడానికి తీసిన కలం మెర్లిన్ చేతిలోనే ఆగిపోయింది.

"రాయమ్మా," అన్నారు లాజరస్ గారు. "కష్టపడి కనిపెట్టినావు. కానీ చివరిదాకా కనిపెట్టు. బండెందుకు కదల్లా?"

"ఛార్జి లేక."

"ఛార్జెందుకు లేదు?"

"ప్లగ్గు పీకినందుకు."

"ఎందుకు పీకింది?"

"నీళ్ళు కాచడానికి."

"నీళ్ళెందుకు కాచింది?"

మెర్లిన్ నోరు తెరిచింది. "చలికి," అంది.

"నేను పొద్దున్నుంచీ చెప్తా ఉండేది అదే గదా! మధ్యలో ఆగినామంటే ఎవురో ఒక మనిషి దొరుకుతారమ్మా. ఇంకొంచెం ముందుకు పోతే చలే."

ఆయన ఛార్జరు గోడకు తగిలించి, డ్రిల్లు మిషను భుజానేసుకుని వార్డు వైపు నడిచారు. పెద్ద ప్లగ్గు ఒకటి అక్కడే బిగించడానికి.

"ఎప్పుడూ ఇంతేనమ్మా," అంది పేరమ్మ కళ్ళొత్తుకుంటూ. "మా వాచ్‌మను హజరత్తయ్య, బిడ్డకు జొరమొస్తే బోరు మోటారు ఆపేది మరిచిపోయినాడు. కాలిపోయింది. ఈయన ఒక్కమాట అన్లా. తెల్లారేసరికి దానంతటది ఆగేటట్టు ఏందో బిగించినాడు."

మూడు నెలలు ఆ మనిషిని చూసి మండిపడినందుకు మెర్లిన్‌కు సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఆయన మీద బోలెడంత ఇష్టం కూడా కలిగింది. నిటారుగా కూర్చుని, చక్కటి దస్తూరీతో రిపోర్టు రాసింది.

పదింటికి కిషోర్ బాబు గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు.

"కారణం, చలి. ఏంటమ్మా, నువ్వు కూడానా?"

"అవును సార్. మీటరు పెట్టి, చివరిదాకా చూశాను. మధ్యాహ్నానికి బండి నడుస్తుంది. మళ్ళీ ఇలా జరక్కుండా వార్డులో కొత్త ప్లగ్గు కూడా పెట్టిస్తున్నాం."

"బాధ్యుల పేరు?"

"రాశాను సార్, చూడండి."

ఆయన చూశారు. ఆ గడిలో "డిసెంబరు" అని ఉంది.

కిషోర్ బాబు గారు మెర్లిన్ వైపు చూశారు. కిటికీలోంచి వార్డు గోడకు బెజ్జాలు వేస్తున్న లాజరస్ గారి వైపు చూశారు. ఆయన పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పేరమ్మ వైపు చూశారు. కలం తీసి సంతకం పెట్టారు.

"డిసెంబరుకు ఇది మొదటిసారే కదా," అన్నారు. "ఈసారికి వదిలేద్దాం."