మా మామ నోరు, నా పికప్

పోయిన సోమవారం పొద్దున ఆరింటికి మా అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేస్తలేడు బిడ్డా" అంది. అంతే. సూరత్‌లో నేనుండే లింబాయత్ నుంచి వాళ్లుండే నవాగామ్ పోయేసరికి పక్కిళ్లవాళ్లు ఆయన్ని మంచం మీంచి దింపి చాప మీద పడుకోబెట్టారు. నిద్రలోనే పోయాడన్నారు. అరవై ఎనిమిదేళ్లు.

మూడో నాడు మనవాళ్లు కొందరు గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. "అందరినీ చిరునవ్వుతో పలకరించే పెద్దాయన" అని రాయించారు. పైన పెట్టిన ఫోటోలో నవ్వు లేదు. అది కూడా చూసుకోలేదు. ఆ చిరునవ్వును ఎవరు చూశారో చెప్తే పోయి వాళ్ల కాళ్లు మొక్కుతాను. ఆ రోజు సంతాపం చెప్తామని మైకు పట్టుకున్నవాళ్లు నలుగురు. వాళ్లలో ఇద్దరిని ఆయన మొహం మీదే గాడిదలు అనేవాడు. మిగిలిన ఇద్దరూ ఎవరో ఆయనకు తెలియదు. అందుకని నాకు గుర్తున్నది నేను రాస్తున్నాను. చదివినవాళ్లకు ఆయన మంచివాడిగా కనపడకపోవచ్చు. మంచివాడని నేను చెప్పబోవడం లేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. జగిత్యాల దిక్కు మా ఊరివాళ్లంతా సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వస్తే, ఆయన ఒక్కడు మగ్గం పని పనే కాదని లారీల కిందికి దూరాడు. "దారం తెగితే ముడేసుడు గూడ పనేనారా? కోతికి నేర్పితే కోతి ఏస్తది" అనేవాడు. ఆ మాట అన్నది, పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్న మా నాన్న ముందు. మా నాన్న తల ఎత్తకుండా తిని చెయ్యి కడుక్కున్నాడు.

లింబాయత్‌లో బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. పని గొప్పది, నోరు గలీజు. బండి తెచ్చినవాణ్ని ముందు ఒక తిట్టు తిట్టి, ఆ తర్వాత బానెట్ ఎత్తేవాడు. తిట్టు పడనివాళ్లు పక్క షెడ్డుకు పోయారు. చివరికి అందరూ పోయారు. షెడ్డు ఎత్తేసిన రోజు కూడా "ఈ ఊరి బండ్లకు నేను ఎక్కువైన" అన్నాడు. నాకు అప్పుడు జాలి కలగలేదు. ఆయనకు తగిన శాస్తే జరిగిందనుకున్నాను.

నేను ఇరవై రెండేళ్లు సాంచలు నడిపాను. కుడి చెవి పోయింది. ఎడమది సగమే ఉందనీ, ఇంకో రెండేళ్లు ఆ చప్పుడులో నిలబడితే అదీ పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. పోయినేడు ఎండాకాలం సంగతి ఇది. వేరే పని నాకు రాదు, లారీ డ్రైవింగు కొంచెం వచ్చు. అప్పుడు ఒక మెస్సు ఓనరు, మన కరీంనగర్ దిక్కువాడే, ఊరి బియ్యం, కారం, పసుపు నెలనెలా తెచ్చిపెడితే తీసుకుంటానన్నాడు.

"డిసెంబర్ ఆఖరు లోపల మొదటి లోడు దిగాలె అన్నా. లేకుంటే వేరేటోనికి చెప్త."

పళ్లలో పుల్ల పెట్టి కుట్టుకుంటూ చెప్పాడు. నా బతుకు ఆయన పళ్ల సందున ఇరుక్కున్న మెతుకులాగా.

అట్లా పికప్ కొన్నాను. సలాబత్‌పురాలో చీరలు అమ్మే ఒకాయనది. మూడేళ్లుగా బట్టలకు రంగులేసే ఒక డైయింగ్ మిల్లు వెనక పడి ఉంది. వెనక తొట్టిలో కుక్క ఈనింది. అమ్మినాయన టైరును కాలితో తన్ని, సరుకు బాగుందని గుజరాతీలో అన్నాడు. నేనూ ఒకసారి తన్నాను. టైరును తన్నితే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చిన వారానికే తలుపులకు ఎర్ర చారలు వేయించాను. ముందు అద్దం మీద నా బిడ్డ పేరు రాయించాను. ఇంజన్ ఇంకా ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు.

మామ వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందిరా ఇది?"

"బండి మామా."

"బండా? పీనుగు. పీనుగుకు పౌడర్ కొట్టి బొట్టు పెట్టినవ్. ఇగ నలుగురిని పిలు, ఎత్తుకపోతరు."

నా భార్య గుమ్మంలోనే ఉంది. ఆమె వింటున్నదని ఆయనకు తెలుసు. తెలిసి గొంతు ఇంకొంచెం పెంచాడు.

"నీ పెండ్లికి గూడ గిట్లనే చేసినవ్ కదరా. సూటు కుట్టిచ్చుకున్నవ్, చెప్పులు మరిచినవ్."

నా భార్య నవ్వింది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే పానాల పెట్టె పక్కన పెట్టుకుని బండి కింద పడుకుని ఉన్నాడు. నేను పిలవలేదు. తర్వాత నాలుగు నెలలు రోజూ వచ్చాడు. నేను సాంచల షిఫ్టు దిగి రావడం, ఆయన చేతికింద నిలబడి తిట్లు తినడం. ఒక్క రోజు కూడా మెచ్చుకోలేదు.

"సూరత్‌ల నడిస్తే సాలదు" అన్నాడు మొదటి రోజే. "నువ్వు పోయేది చలికాలం. నవాపూర్ దాటితే చలి, ధూలే దాటితే ఇంకింత చలి. గీ ఎండల పుట్టిన మెకానిక్‌లకు చలంటే ఏమెరుక?"

నిజంగానే ఎవరికీ తెలియదు. అంతకుముందు బండిని నడిపినవాళ్లు సూరత్‌లో హీటర్ ఎవడికి కావాలని దానికి పోయే పైపులు కోసి, రెండు కొనలూ కలిపి ముడేశారు. చలిలో అద్దం మీద పట్టే ఆవిరి పోవాలంటే ఆ హీటరే దిక్కు. మామ వాటిని విప్పి కొత్తవి వేశాడు. డీజిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లేపడానికి ఉండే హీటర్ ప్లగ్గులు నాలుగింట్లో మూడు చచ్చిపోయి ఉన్నాయి. అవి మార్చాడు. రేడియేటర్‌లోంచి బోరు నీళ్ల తుప్పు బకెట్ల కొద్దీ కడిగాడు. వైపర్ రబ్బర్లు, తలుపుల రబ్బర్లు, అన్నీ. హెడ్‌లైట్ల అద్దాలు పసుపు పచ్చగా మాగి ఉంటే, టూత్‌పేస్టుతో రుద్దితే తెల్లబడతాయని ఎవరో చెప్పారని నేను రుద్దుతున్నాను. "ముందుగాల నీ పండ్లు తోముకో" అని ఆ ట్యూబు లాక్కుని, దీపాలు మొత్తం మార్పించాడు.

ఇంజన్ మొదటిసారి లేచిన రోజు అందులో ఏదో కొట్టుకుంటోందన్నాడు. నాకు వినపడలేదన్నాను. అప్పుడైనా ఆయన నోరు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా చెయ్యి పట్టి లాగి ఇంజన్ పక్కన అదిమాడు.

"చెవి పోతే పోయింది. చెయ్యికి చెవుడు రాదు. పెట్టు. తెలుస్తున్నదా?"

తెలిసింది. సన్నగా, లోపల ఎవరో వేలితో తట్టినట్టు. ఆయన నుంచి నాకు దొరికిన ఆస్తి అది ఒక్కటే. ఈ రోజుకీ దానితోనే బతుకుతున్నాను.

ఇక నేను చేసిన తప్పు. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య థర్మోస్టాట్ అని చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను బయటికి పోనివ్వదు. మన దగ్గర షెడ్డుకు పోయి బండి వేడెక్కుతున్నదంటే చాలు, ముందు దాన్ని పీకి పారేస్తారు. నీళ్లు ఎప్పుడూ తిరుగుతుంటే ఇంజన్ చల్లగా ఉంటుందని. ఎండలో అది నడుస్తుంది. మామ పాతది తీసి కొత్తది బిగించి, "దీని మీద చెయ్యి వేసినోని చెయ్యి ఇరుగుతది" అన్నాడు.

అక్టోబర్‌లో ట్రాఫిక్‌లో బండి వేడెక్కింది. మామకు చెప్పొచ్చు. చెప్తే ముందు ఏమంటాడో నాకు తెలుసు. ఆ తిట్టు తప్పించుకోవడానికి లింబాయత్‌లో ఇంకొకడి దగ్గరికి పోయాను. వాడు బానెట్ ఎత్తి అర నిమిషం చూడలేదు. "వాల్వ్ నికాల్ దే భాయ్, బరఫ్ జైసా చలేగా" అన్నాడు. మంచుగడ్డలా నడుస్తుందట. తీయించాను. మామకు చెప్పలేదు.

నన్ను నేను వెనకేసుకు రావడానికి కాదు గానీ, ఆయనా అంతే. బీపీ గోలీలు వాడమని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది. తల తిరగడం తగ్గగానే మానేశాడు. "మంచిగున్నోనికి గోలీలెందుకు?" అన్నాడట. ఆయన పోయాక మా అత్త దిండు కింద నుంచి మూడు నెలల గోలీలు తీసి చూపించింది, చింపని పట్టీలు. బండిలో ఇత్తడి ముక్క పీకినవాడి చెయ్యి విరగాలన్న మనిషి, తన లోపలిది తానే పీకేసుకున్నాడు. ఫ్లెక్సీ కట్టినవాళ్లు దాని గురించి ఒక్క మాట రాయలేదు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన్ని క్షమించను.

డిసెంబర్ చివరి వారంలో ఊరికి బయల్దేరాను. మామ తానే వచ్చి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. "నువ్వెందుకు మామా ఈ చలిల?" అంటే, "నీ ఎర్ర చారలు చూసి మురుద్దామని" అన్నాడు. ధూలేలో పడుకుని పొద్దున్నే లేచి బండి తీశాం. తెల్ల పొగ. ఇంజన్ ఎంతకూ వేడెక్కదు, బండి ఈడ్చుకుంటూ పోతోంది. హీటర్ వేస్తే చల్లగాలి. ఇద్దరి ఊపిరికీ అద్దం మూసుకుపోయింది. నేను చేత్తో తుడుస్తూ నడుపుతున్నాను. మామ హీటర్ గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు.

"ఆపు" అన్నాడు చివరికి. "వాల్వు ఏదిరా?"

"తీసేసిన మామా."

"దీపావళి నాడే ఎరుక నాకు. ఇట్ల లేపంగనే అట్ల పై పైపు గోరువెచ్చగైంది. వాల్వుంటే కాదు."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే వింటవా నువ్వు? చలి చెప్తే వింటవని ఊకున్న."

దిగి బానెట్ ఎత్తాడు. ఫ్యాన్ బెల్టును వేలితో నొక్కితే ఉయ్యాలలా ఊగింది. అక్టోబర్‌లో బండి వేడెక్కింది ఆ బెల్టు వదులైనందుకు. రెండు నట్లు బిగిస్తే పోయేదానికి నేను వాల్వు పీకించాను. బెల్టు బిగించి, ఒక అట్టపెట్టె చింపి రేడియేటర్ ముందు సగానికి అడ్డంగా కట్టాడు. చల్లగాలి తగలకుండా. ఇరవై కిలోమీటర్లు పోయాక హీటర్‌లోంచి వేడిగాలి వచ్చింది. అంత కోపం వస్తున్నా నాకు ఆ గాలి హాయిగా ఉంది. తెలిసి కూడా నన్ను ఇంతదూరం రానిచ్చాడని కోపం. అయినా పక్క సీట్లో తానే వచ్చి కూర్చున్నాడు. ఆ రెండూ నేను ఇప్పటికీ కలపలేకపోతున్నాను.

ఊర్లో బియ్యం, కారం, పసుపు ఎక్కించుకుని తిరిగి బయల్దేరాం. రెండో రోజు తెల్లవారేసరికి మహారాష్ట్రలో వాశిం దాటాం. అక్కడ పొగమంచు పట్టింది. ముందు బానెట్ కొన కూడా కనపడదు. చెరుకు ట్రాక్టర్లు వెనక దీపాలు లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంటాయి ఆ దిక్కు.

"పక్కకు ఆపు. పొద్దెక్కినంక పోదాం."

"ఆగితే రేపటికి అందది మామా. రేపే ఆఖరు."

"అందకుంటే ఏమైతది?"

"ఏమైతది. మళ్ల సాంచల కాడికే."

ఆయన నా వైపు చూశాడు. ఆ మెస్సు ఓనరును ఒకటి, నన్ను ఒకటి, నన్ను కన్న తన అక్కను ఒకటి తిట్టాడు. తువ్వాల తలకు చుట్టుకుని తలుపు తీసి దిగాడు.

ఆ బియ్యం మర్నాడు అందాయి. నేను మళ్లీ మగ్గాల దగ్గరికి పోలేదు. అది తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం నేను మొదటి గేరులో ఉన్నాను, అద్దాలు ఎక్కించి, దీపాలు కిందికి దించి. నా ముందు రోడ్డు అంచు తెల్లగీత మీద మా మామ నడుస్తున్నాడు. పాత స్వెటరు, లుంగీ, టైర్ల చెప్పులు. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి, దీపాల వెలుతురులో చెయ్యి ఊపుతూ నన్ను తిడుతున్నాడు. ఆ తిట్లు నాకు ఒక్కటీ వినపడలేదు. నోరు తెరుచుకోవడం, అందులోంచి తెల్లగా ఆవిరి లేవడం, అది మంచులో కలవకముందే ఇంకోటి లేవడం కనిపించింది.