టికెట్టు కొన్న ఆడమనిషి

విజయవాడలో పుట్టి పెరిగిన వాళ్లను ఆపి మీ జిల్లా ఎక్కడితో అయిపోతుందని అడిగితే నూటికి తొంభై మంది తెల్లమొహం వేస్తారు. బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటి, ఆటోనగర్ దాటి, కానూరు చేరేసరికి జిల్లా మారిపోతుందని వాళ్లకు తెలియాల్సిన అవసరమూ లేదు. అటూ ఇటూ అవే టీకొట్లు, అదే ట్రాఫిక్కు. వన్ టౌన్‌లో ఆటోలకు సీట్లు కుట్టే పీరుకు మాత్రం ఆ గీత ఎక్కడుందో అడుగుతో సహా తెలుసు. అతని అక్క జహీదా ఆ గీత దాటకూడదు.

జహీదా పుట్టింది ఆ గీతకు అవతల, పామర్రులో. పంతొమ్మిదో ఏట మేనమామ కొడుక్కిచ్చి పెళ్లి చేశారు. మేనమామ కుటుంబం ఎప్పుడో కరాచీ వెళ్లి స్థిరపడింది కాబట్టి జహీదా కూడా వెళ్లింది, ఆ దేశపు పాస్‌పోర్టూ వచ్చింది. కాపురం ఏడేళ్లు. పిల్లలు లేరు. భర్త గుండె ఆగి పోయాక అత్తింటివాళ్లు ఇల్లు అమ్ముకుని తలా ఒక దిక్కు చూసుకున్నారు. చుట్టపుచూపు వీసా మీద ఒక ట్రంకు పెట్టెతో తమ్ముడింటికి వచ్చిన మనిషి మళ్లీ వెళ్లలేదు. అక్కడున్నన్నాళ్లు ఆమె ఉర్దూలో తెలుగు యాస విని నవ్వారు. ఇక్కడికొచ్చాక పామర్రులో కరాచీ అక్క అని పేరు పెట్టారు. అదంతా జరిగి ముప్ఫై అయిదేళ్లయింది. ఆ ఏడేళ్ల కాపురం ఆమెకు మిగిల్చింది, పుట్టిన గడ్డ మీద పరాయి మనిషి అన్న ముద్ర ఒక్కటే.

అప్పటి నుంచి ఆమె బతుకు కాగితాల మీదే నడిచింది. వీసాకు పొడిగింపు, ఆ పొడిగింపుకు మళ్లీ పొడిగింపు. పౌరసత్వం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఏ బీరువాలో నిద్రపోతోందో ఆ పైవాడికే ఎరుక. భవానీపురంలో తమ్ముడి ఇంట్లోనే ఉండాలి, జిల్లా దాటాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. జిల్లా ఒక్కటిగా ఉన్నన్నాళ్లు ఆ మాట ఎవరినీ బాధించలేదు. నెలకోసారి బస్సెక్కి పామర్రులో చెల్లెలు మస్తాన్‌బీ దగ్గరికి వెళ్లేది. నాలుగు రోజులుండి, కూరలో ఉప్పు దగ్గర చెల్లెలితో పోట్లాడి, అలిగి తిరిగొచ్చేది.

2022 ఏప్రిల్లో జిల్లాలను విడగొట్టారు. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, కాలవలు పారే చోటే పారుతున్నాయి. విజయవాడ మాత్రం ఒక జిల్లాకు, పామర్రు ఇంకో జిల్లాకు పోయాయి. ఊరంతా ఏ ఆఫీసు ఎక్కడికి పోయిందని మాట్లాడుకుంటుంటే, జహీదా కాగితాలు చూసే హెడ్ కానిస్టేబుల్ రామకోటేశ్వరరావు పీరును పక్కకు పిలిచి చెప్పాడు. ఇక మీదట పామర్రు అంటే పై జిల్లా అండీ, అడక్కుండా వెళ్లనివ్వకండి అన్నాడు. మంచి మనిషి కాబట్టే చెప్పాడు. మస్తాన్‌బీ కూతురి పెళ్లికి అనుమతి అడిగితే పెళ్లయిన నాలుగో రోజుకు వచ్చింది. ఆ తర్వాత జహీదా అడగడం మానేసింది. చెల్లెలే జామకాయల సంచీతో వచ్చిపోతుండేది. ఆమెకు పక్షవాతం వచ్చాక ఆ రాకపోకలూ ఆగిపోయి, ఫోన్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మిగిలింది.

పోయిన ఏప్రిల్లో ఉత్తరాదిన ఎక్కడో ఘోరం జరిగి, ఆ దేశం వాళ్లంతా వెళ్లిపోవాలని టీవీల్లో హోరెత్తింది. ఇంటికి పోలీసులొచ్చారు. కాగితాలు ఒకటికి మూడుసార్లు తిరగేసి, మీలాంటి వాళ్లకు ప్రస్తుతానికి ఫరవాలేదు, ఎక్కడికీ కదలకండి అన్నారు. ఆ ప్రస్తుతానికి అన్న మాట ఇంట్లో తిష్ట వేసింది. పీరు కొత్త చీర కొంటానంటే జహీదా వద్దనేది. పచ్చడి జాడీ నింపుతూ ఆగిపోయేది. పీరు దుకాణంలో మిషను తొక్కుతూ రోడ్డు మీద జీపు కనిపిస్తే సూది వేలికి గుచ్చుకునేవాడు. టీవీలో చూసిన ఆ సరిహద్దు గేటు అతని కలల్లోకి వచ్చేది. గేటు అవతల అరవై దాటిన మనిషి చేతిసంచీతో నిలబడి, దారేపోయే వాళ్లను అడ్రసు అడుగుతుండేది. ఆమె చేతిలో ఏ అడ్రసూ ఉండేది కాదు.

అక్టోబరులో ఒక ఉదయం మస్తాన్‌బీ కొడుకు ఆరిఫ్ ఫోన్ చేశాడు. అమ్మ తెల్లవారుజామున పోయింది మామూ, మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా లేపుతాం అన్నాడు. పీరు చొక్కా తగిలించుకుని స్టేషనుకు పరిగెత్తాడు. రామకోటేశ్వరరావు బందోబస్తు డ్యూటీకి వెళ్లాడు. ఉన్నవాళ్లు అర్జీ ఇచ్చిపోండి, అనుమతి వచ్చాకే ప్రయాణం అన్నారు, చావు ఆగదు కదా అంటే మేం మాత్రం ఏం చేస్తామండీ అన్నారు. తను ఒక్కడే వెళ్లొద్దామని ఇంటికొచ్చేసరికి జహీదా బురఖా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

"దాని మొహం చూసొస్తా. ఆ తర్వాత నన్నెక్కడికి పంపిస్తారో పంపించుకోనీ," అంది.

ఎలా తీసుకెళ్లాలా అని పీరు లెక్క వేశాడు. ఆటో కట్టించుకుంటే దారిలో ఎవరైనా ఆపి అడగొచ్చు. బస్సు గుంపులో ఎవరూ ఎవరినీ పట్టించుకోరు అనుకున్నాడు. ఇంకో ఉపాయం కూడా ఆలోచించాడు. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంటుంది, తను వెనక కూర్చుంటాడు, ఎవరికెవరూ తెలియదు. ఏదైనా జరిగితే బయట ఒకడుండాలి కదా, పరిగెత్తడానికి, ప్లీడరును పట్టుకోవడానికి. అతను అక్కకు చెప్పింది ఈ కారణమే. అందులో భయం ఎంత, తెలివి ఎంత అన్నది ఆ పొద్దున అతను తూచుకోలేదు.

పాపం, పీరు మగవాడు కాబట్టి ఒక సంగతి మరిచిపోయాడు. రెండు నెలలుగా బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తుంది. ఆ బస్సులో ఎక్కిన ఆడవాళ్లంతా కార్డులు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఆధార్ లేని జహీదా ఒక్కతే వంద నోటు చాపి, పామర్రు ఒకటి అంది.

కండక్టరు నవ్వింది. డబ్బులెందుకమ్మా, కార్డు చూపించండి చాలు అంది. జహీదా కార్డు లేదంటే, మరిచిపోయారా, ఫోన్లో ఫోటో ఉన్నా సరిపోతుంది అంది. అదీ లేదంది జహీదా. పక్కన కూర్చున్న రావమ్మ అనే ఉయ్యూరు పెద్దావిడకు ఈ అన్యాయం మింగుడు పడలేదు. ఊరికే వచ్చేదాన్ని కొనుక్కుంటారా ఎక్కడైనా అని ఆవిడ నాలుగు సీట్లకు వినిపించేలా అంది. అందరూ చూశారు. డ్రైవరు వెనక సీట్లో యూనిఫాంలో ఉన్న కానిస్టేబుల్ కూడా తల తిప్పి చూశాడు. బస్సు అప్పటికే కానూరు దాటింది.

విజయవాడలో ఎవరి దగ్గరుంటావమ్మా అని రావమ్మ అడిగింది. తమ్ముడి దగ్గర అని జహీదా నోటి నుంచి జారిపోయింది. అబద్ధం అలవాటు లేని నోరు మరి.

"అయితే ఇంకేం, తమ్ముడి నంబరు చెప్పండి," అంది కండక్టరు, తన ఫోను తీస్తూ. "మీ కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమంటా. నిమిషం పని."

ఆ పిల్లలో ఏ కల్మషమూ లేదు. ఒక ముసలావిడకు డబ్బులు మిగల్చాలని ఆమె తాపత్రయం. వెనక నుంచి రెండో సీట్లో పీరు చెయ్యి జేబులోకి వెళ్లింది. తన ఫోను మోగితే బస్సంతా వింటుంది. బటన్ను గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ ఫోను ఆరిపోయేదాకా వదల్లేదు.

"తమ్ముడు లేడమ్మా," అంది జహీదా. "పోయాడు."

కండక్టరు ఫోను దించింది. ఇప్పుడేగా తమ్ముడి దగ్గర అన్నారు అని రావమ్మ అడిగితే, ఇల్లు వాడిదే, మరదలు చూస్తోంది, ఇవాళ చెల్లెలు పోయింది, అక్కడికే వెళ్తున్నానంది. రావమ్మ ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకుంది. తమ్ముడూ పాయె, చెల్లెలూ పాయె, ఎవరూ తోడు రాలేదా తల్లీ అంది. ఎవరూ రాలేదని జహీదా తల అడ్డంగా ఊపింది. కానిస్టేబుల్ మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. కండక్టరు టికెట్టు కొట్టి చిల్లర ఇచ్చింది. తన కోసం ఒక ఉయ్యూరు ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకోవడం పీరు వెనక నుంచి చూశాడు. చూస్తూ, కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

పామర్రులో ఆమె దిగి ముందు నడిచింది. అతను ఇరవై అడుగులు వెనక నడిచాడు. ఆడవాళ్లు దారి ఇచ్చారు. జహీదా చెల్లెలి మొహం మీద బట్ట తీసి చూసుకుంది, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మధ్యాహ్నం పీరు జనాజా మోశాడు, గోతిలో మూడు గుప్పెళ్ల మట్టి వేశాడు. ఆ మట్టి వేస్తున్నప్పుడు తన మీద కూడా ఎవరో వేసేసినట్టు అనిపించింది.

సాయంత్రం ఆరిఫ్ తెలిసినవాడి కారులో ఇద్దరినీ పంపించాడు. దారిలో ఎవరూ ఆపలేదు. కానూరు దాటి సొంత జిల్లాలోకి వచ్చాక, అమ్మయ్య అన్నాడు పీరు. జహీదా అతని వైపు తిరిగింది.

"నా నోటితో నిన్ను చంపేశాన్రా," అంది.

నన్నేం చంపావక్కా, రాయిలా పక్కనే కూర్చుంటే అని పీరు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆమె ఒక మాటే అంది. ఫోను ఆపేసుకుని, మొహం తిప్పుకుని, చచ్చినవాడిలా కూర్చున్నది మాత్రం తనే.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పోలీసుల భయం పోయి ఇంకో భయం దిగింది. బతికున్న వాడిని పోయాడన్న మాట ఊరికే పోదని జహీదాకు నమ్మకం కుదిరిపోయింది. పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి, తమ్ముడి ఛాతీ లేచి దిగుతోందో లేదో చూసి గానీ లేపేది కాదు. దుకాణం నుంచి పావుగంట ఆలస్యమైతే వీధిలోకి వచ్చి నిలబడేది. అతని పేరు మీద ఉపవాసాలుండేది, దర్గా దగ్గర పేదలకు అన్నం పెట్టించేది. కుదుట పడలేదు. పీరు పరిస్థితీ అంతే. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకడానికి ఒక క్షణం పట్టేది. పిలిచింది తననేనా, తను ఇక్కడ ఉన్నాడా అని అనుమానం వచ్చేది. అక్క ఎదురుగా కూర్చుని అన్నం తినాలంటే సిగ్గేసేది.

ఇరవై మూడో రోజు రామకోటేశ్వరరావు దుకాణానికి ఫోన్ చేసి, ఒకసారి స్టేషనుకు రండి, మీ అక్కగారు ఇక్కడున్నారు అన్నాడు. పీరు వెళ్లేసరికి జహీదా అతని బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉంది. అడక్కుండా పామర్రు వెళ్లానని చెప్పేసింది, రాసుకోమంటోంది.

"నేను వినలేదనుకుంటానండీ, తీసుకెళ్లిపోండి," అన్నాడు రామకోటేశ్వరరావు గొంతు తగ్గించి. "ఇవి మామూలు రోజులు కావు. రాస్తే పైకి వెళ్తుంది. వెళ్లిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

"బస్సు నిండా జనానికి నా తమ్ముడు పోయాడని చెప్పానండీ," అంది జహీదా. "బతికే ఉన్నాడని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నన్ను పంపిస్తే పంపించండి."

హెడ్ కానిస్టేబుల్ పీరు వైపు చూశాడు. అక్క రెక్క పట్టుకుని లేపి ఇంటికి తీసుకెళ్లడమే తెలివైన పని. తెలివైన పని చెయ్యడం పీరుకు కొత్తేమీ కాదు. బస్సులో చేసిందీ అదే. అతను పక్కనున్న స్టూలు లాక్కుని అక్కను ఆనుకుని కూర్చున్నాడు.

"రాయండి సార్. షేక్ పీరు. ఆవిడ తమ్ముణ్ణి. ఆ రోజు ఆవిడ ఒక్కతే వెళ్లలేదు. అదే బస్సులో వెనక సీట్లో నేనున్నాను. నంబరు అడిగితే ఫోను ఆపేసుకున్నాను. అది కూడా రాయండి."

రామకోటేశ్వరరావు పెన్ను తీసి రాశాడు. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. జహీదా ఆ కాగితంలో తమ్ముడి పేరు ఎక్కడుందో వేలు పెట్టి వెతికి చూసుకుని, అప్పుడు ఏడ్చింది.

కాగితం పైకి వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు. భవానీపురంలో ఆ ఇంటి గేటు చప్పుడైతే అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఉలిక్కిపడి లేస్తారు. ఎవరని అడగడానికి పీరు ముందు వెళ్తాడు.