సాక్ష్యం చెప్పిన పిల్ల

శాంటా క్లారాలో కాపురం పెట్టిన రెండో ఏడు, ఎనభై రెండులో, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో చేరాను. నాకు కుదిరే వేళకి ఉన్నది ఒక్కటే క్లాసు: ఒకప్పటి బ్రిటన్‌లో మంత్రగత్తెల విచారణల చరిత్ర. మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

"కంప్యూటర్ కోర్స్ తీసుకోవే, గ్రీన్ కార్డ్ వచ్చాక జాబ్‌కైనా పనికొస్తుంది. మంత్రగత్తెల గురించి చదివి ఎవర్ని ఇంప్రెస్ చేస్తావ్?"

"మిమ్మల్నే," అన్నాను.

మంత్రగత్తెలందర్నీ మంటల్లో కాల్చారనుకునేదాన్ని. ఇంగ్లాండులో ఉరి తీసేవారట. మా టీచరు ఆనాటి వాంగ్మూలాలు జిరాక్స్ తీసి పంచేది. అన్నీ ఒక్క తీరే. దిక్కులేని ముసలమ్మ ఎవరి గుమ్మంలోనో నిలబడి చెంబుడు పాలు అడుగుతుంది. లేవు పొమ్మంటారు. ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోతుంది. వారం తిరక్కుండా ఆ ఇంట్లో దూడ చస్తుంది, లేదా పిల్లవాడు మంచం పడతాడు. ఇక ముసలమ్మ పని అయిపోయినట్టే. చదువుతుంటే మా ఊళ్లో మా వీధి కబుర్లలాగే ఉండేవి.

ఒకరోజు తొమ్మిదేళ్ల పిల్ల సంగతి వచ్చింది. కన్నతల్లి మీదే సాక్ష్యం చెప్పింది. కోర్టులో ఎవరికీ కనబడటం లేదని దాన్ని బల్ల మీద నిలబెట్టారు. తల్లికి ఉరి పడింది. క్లాసంతా అయ్యో అంది. నేను లేచి పార్కింగ్ లాట్‌కి వెళ్లి కార్లో కూర్చున్నాను. నేను సాక్ష్యం చెప్పినప్పుడు నాకూ తొమ్మిదేళ్లే.

నన్ను పెంచింది మా మేనత్త. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తల దువ్వేటప్పుడు నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకునేది, చిక్కు తగిలితే నాకన్నా ముందు తనే "అబ్బా" అనేది. ఆవిడ చీరలో గంజి వాసన ఉండేది. ఈ దేశంలో ఎన్ని సబ్బుపొడులు మార్చినా ఆ వాసన రాలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ ఎన్నిసార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నానో నాకే తెలీదు.

తమ్ముడు పుట్టిన మూడో నెలలో వాడికి జ్వరం, ఫిట్సు వచ్చాయి. ఎవరో చిల్లంగి అన్నారు. మా వైపు చేతబడికి ఆ పేరు. అందరి చూపూ అత్త మీదికే పోయింది. ఆవిడను పెరట్లో నూతి దగ్గర కూర్చోబెట్టి, మా పెదనాన్న నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"మీ అత్త ఉయ్యాల దగ్గర నిలబడి ఏదో గొణుక్కోడం చూసేవా?"

"చూశాను," అన్నాను. అది నిజమే.

"ఏమంది?"

నాకు వినపడలేదు. కాని అంతమంది పెద్దవాళ్లు నా నోటికేసి చూడటం అదే మొదటిసారి. "పోవాలి, పోవాలి అంది," అన్నాను.

మర్నాడు పొద్దున్నే అత్త ట్రంకుపెట్టెతో దూరపు చుట్టాల ఊరు వెళ్లిపోయింది. నాలుగు రోజులకి తమ్ముడి జ్వరం దిగింది. ఇంకేం, నా మాట నిజమైపోయింది. నా పెళ్లికి కూడా ఆవిడను పిలవలేదు. పిలవమని నేనూ అడగలేదు.

ఆ కార్లో కూర్చుని చెప్పేయాలనుకున్నాను. కాని అత్తకు చదువు రాదు. ఉత్తరం రాస్తే ఆ ఇంట్లో ఎవరో ఒకరు అందరి మధ్యా పైకి చదువుతారు. ఆ రోజుల్లో మావాళ్లు ఇండియా వెళ్లేవాళ్ల చేత క్యాసెట్లలో మాటలు పంపేవారు. మా ఇంట్లోది కాక ఇంకో చిన్న టేప్ రికార్డరు కొని, అత్త ఉన్న ఊరికి దగ్గర్లోని కాకినాడ వెళుతున్న స్నేహితురాలికిచ్చి, అత్త చేతికే ఇచ్చి మీటలు నేర్పి రమ్మని బతిమాలాను. చప్పుడు వినపడకుండా బట్టల క్లోజెట్‌లో చెప్పుల మధ్య కూర్చుని క్యాసెట్ నింపాను. వాతావరణం, కూరగాయలు, కారు డ్రైవింగ్, అన్నీ చెప్పాను. చివర్లో మాత్రం, "అత్తా, ఆ రోజు నువ్వేమన్నావో నాకు వినపడలేదు. కల్పించి చెప్పాను," అని ఆపేశాను.

రెండు నెలలకి స్నేహితురాలు జవాబు తెచ్చింది. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని పెట్టాను. పదమూడేళ్ల తర్వాత ఆ గొంతు విని నిలువునా కరిగిపోయాను.

"ఇది తిరుగుతోందా? ఎర్రది నొక్కేనమ్మా. జుట్టు కత్తిరించేసుకున్నావంట కదే, ఎందుకే?" ఎక్కడో కోడి అరిచింది. "ఆ రోజు సంగతన్నావు. వాడి రోగం నాకిచ్చి వాణ్ణొగ్గెయ్యమని దేవుణ్ణడిగేను, అంతే. నువ్వు నీ అంతట నువ్వు అలా అనవని నాకు తెల్సు. అంత చిన్నపిల్ల చేత ఆ మాట అనిపించాలంటే ఎంత కొట్టుంటారో, వాతలెట్టేరేమో అని ఇన్నేళ్లూ నాకదే దిగులు. అడ్డం పడ్డానికి నేనక్కడ లేకపోతిని. బాగా కొట్టేరా అమ్మా?"

నన్నెవరూ కొట్టలేదు. మా పెదనాన్న గొంతైనా పెంచలేదు. ఆ మాటే చెబుదామని మర్నాడు కొత్త క్యాసెట్ పెట్టుకుని కూర్చున్నాను. చెబితే ఆ గొంతు ఇంకెప్పుడూ నన్ను అమ్మా అనదేమోనని భయం వేసింది.

"అవునత్తా," అన్నాను. "కొట్టారు."