వీరవేణి ఒరిజినల్స్

2002 జూన్ నెల. రాజమండ్రిలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. అడ్మిషన్ సెక్షన్ నాది. బయటివాళ్ళకు మాది ఫ్యాను కింద కూర్చుని టీ తాగే ఉద్యోగంలా కనిపిస్తుంది. జూన్, జూలైల్లో మా కౌంటరుకి ఇవతల ఒక్క పూట కూర్చుంటే ఆ భ్రమ వదిలిపోతుంది. నాకసలే నోరు కాస్త పెద్దది, ఆ రెండు నెలలూ ఇంకా పెద్దదయ్యేది.

నా కుర్చీ వెనక ఒక పచ్చ ఇనప బీరువా ఉండేది. కాలేజీలో చేరేటప్పుడు పిల్లల దగ్గర పదో తరగతి సర్టిఫికెట్టు, ఇంటర్ మార్కుల మెమో అసలువే తీసుకునేవాళ్ళం. వాటిని ఒరిజినల్స్ అంటాం. మూడేళ్ళు పూర్తయ్యేదాకా అవి ఆ బీరువాలోనే. పిల్లలు మధ్యలో ఇంకో కాలేజీకి పోకుండా ఇదొక కట్టడి. అది రూలో కాదో నేనెప్పుడూ అడగలేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే నడుస్తోంది, నేనూ నడిపాను. తాళంచెవి నా బొడ్లో ఉండేది. పిల్లలు నాకు బీరువా మేడమ్ అని పేరు పెట్టారు. తెలిసీ తెలియనట్టే ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉండేది.

కాలేజీ తెరిచి వారం కాలేదు. పొద్దున్నే బీకాం మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె కౌంటరు దగ్గరకొచ్చింది. పేరు వీరవేణి. సన్నగా, పొడుగ్గా ఉండేది. రెండేళ్ళలో ఫీజు కట్టడానికి తప్ప నా ముందుకు వచ్చింది లేదు.

"మేడమండి, టీసీ కావాలండి. ఒరిజినల్స్ కూడానండి."

టీసీ అంటే ఇక మీ కాలేజీకీ నాకూ సంబంధం లేదని తీసుకునే కాగితం. అది రాసిన క్షణం రిజిస్టరులో ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత పడుతుంది.

"ఎందుకూ? పెళ్ళి కుదిరిందా?"

"లేదండి. ఉద్యోగమండి."

"డిగ్రీ అవ్వకుండా ఏం ఉద్యోగమే?"

"పూతరేకులు తియ్యడమండి. హైదరాబాదులో మిఠాయి షాపులోనండి."

నాకు నవ్వొచ్చేసింది. బీకాం రెండేళ్ళు చదివి పూతరేకులు తీస్తానంటుందేమిటి అనుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పక్క టేబులు దగ్గర మూర్తి గారు ఉన్నారు. మా పార్ట్ టైం కామర్స్ లెక్చరరు. "జీతం ఎంతమ్మా?" అని అడిగారు.

"నెలకి ఆరు వేలండి. గది, భోజనం వాళ్ళవేనండి."

మూర్తి గారికి మా కాలేజీ ఇచ్చేది అందులో సగం కూడా లేదు. ఆయన చేతికంటిన సుద్ద దులుపుకుంటూ, "వాళ్ళకి అకౌంట్స్ చెప్పేవాడు కూడా కావాలేమో కాస్త కనుక్కోమ్మా" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. వీరవేణి మాత్రం నవ్వకుండా, ఫారం ఎక్కడ దొరుకుతుందండీ అని నన్నే చూస్తూ నిలబడింది.

ఇలాంటప్పుడు మా గుమాస్తాల దగ్గర ఒక మందు ఉండేది. దాని పేరు నో డ్యూస్. లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబు, ఆటల విభాగం, ఎన్నెస్సెస్, కామర్స్ శాఖ, ఈ ఐదు చోట్లా బాకీ లేదని సంతకాలు తెస్తేనే టీసీ. ఒకరుంటే ఒకరుండరు. నాలుగైదు రోజులు తిరిగి తిరిగి పిల్లల ఆవేశం దానంతటదే చల్లారిపోతుంది. ఫారం దాని చేతిలో పెట్టి, "అన్నీ తెచ్చాక కనిపించు" అని కసిరి పంపాను. దాని మంచికే చేస్తున్నాననుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికల్లా ఐదు సంతకాలతో వచ్చి నిలబడింది.

"ఆటల మాస్టారు ఇవాళ సెలవు కదే!"

"ఇంటికెళ్ళానండి. దానవాయిపేటలోనండి. నిద్రపోతుంటే లేపానండి, కోప్పడ్డారు గానీ పెట్టారండి."

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, దీని పట్టుదల చల్లగుండా అని కూడా అనిపించింది. లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను.

"ఇప్పుడు చెప్పు. ఎవరు పొమ్మంటున్నారు నిన్ను? మీ నాన్నా?"

"ఎవరూ కాదండి. నేనేనండి. నాన్న ట్రాక్టరు తోల్తాడండి, ఆయనైతే చదువుకోమనే అంటున్నాడండి. అమ్మకి మోకాళ్ళు పోయాయండి."

అప్పుడు చెప్పింది. వాళ్ళది ఆత్రేయపురం పక్క ఊరు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ రేకులు తీస్తారు. బోర్లించిన పెద్ద కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే పొర అవుతుంది. చిరగకుండా అంచు పట్టి తియ్యాలి. తెల్లారుజామున మొదలుపెట్టి ఎనిమిది దాకా తను తీస్తుంది. తను బస్సెక్కి, బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటి మా కాలేజీకి వచ్చాక ఆ పీట మీద తల్లి కూర్చుంటుంది. ఇరవై ఏళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషి, ఇప్పుడు లేవాలంటే గోడ పట్టుకుని లేస్తోంది.

"డాక్టరు గారు కింద కూర్చోవద్దన్నారండి. నేను ఆ జీతం తెస్తే అమ్మ రేపే మానేస్తుందండి. చదువుతూ కూర్చుంటే ఇంకో ఏడాది ఆవిడ ఆ మంట ముందే కూర్చోవాలండి. నాకు చదువంటే ఇష్టమేనండి. కానీ దాన్ని అమ్మ మోకాళ్ళ మీద నడిపించలేనండి."

అయినా గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా, "షాపువాడు ఏమైనా రాసిచ్చాడా?" అని అడిగాను. సంచిలోంచి స్టాంపు కాగితం తీసింది. చదివాను. జీతం, వసతి అన్నీ బాగానే ఉన్నాయి. చివర్న ఒక లైను ఉంది. పని చేసే మనిషి పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్టు రెండేళ్ళ పాటు యజమాని దగ్గర ఉంచాలి.

అంతే, నా నోరు లేచింది. "వాడెవడే నీ సర్టిఫికెట్టు పట్టుకోవడానికి? నువ్వేమైనా తాకట్టు వస్తువువా? రెండేళ్ళు కదలకుండా కట్టేస్తాడన్నమాట! నీకు బుద్ధుందా? అడిగితే ఇచ్చేస్తావా?"

వీరవేణి గొంతు పెంచలేదు. "మీరూ అడిగారు కదండి మేడమ్, చేరినప్పుడు. ఇచ్చాను కదండి. రెండేళ్ళ నుంచీ మీ వెనకే ఉన్నాయండి. ఇవాళ నావి నేను అడిగితే ఐదు సంతకాలు తెమ్మన్నారండి" అంది.

మూర్తి గారు కాగితాల్లో తల దూర్చేశారు. నాకు చెంపలు వేడెక్కాయి. ఎంత పొగరు అని తిట్టాలనిపించింది. కానీ అది అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను కాపలా కాస్తున్నాననుకున్నది పిల్లల భవిష్యత్తుని. ఆ పిల్ల కళ్ళతో చూస్తే నేనూ ఆ షాపువాడూ ఒకే పని చేస్తున్నాం.

లేచి బీరువా తెరిచాను. దాని కవరు వెతికి తీసి టేబులు మీద పెట్టాను.

"ఇవి నీవి. తీసుకో. టీసీ మాత్రం ఇవాళ అడక్కు. టీసీ రాస్తే నీ పేరు కొట్టేస్తాను, మళ్ళీ ఈ గుమ్మం ఎక్కలేవు. ఇంకో దారి ఉంది. బ్రేక్ ఆఫ్ స్టడీ అంటారు. చదువుకి విరామం అని అర్జీ పెట్టుకుంటే పేరు రిజిస్టరులోనే ఉంటుంది. వచ్చే ఏడు యూనివర్సిటీ అనుమతి తెచ్చుకుని ఇదే మూడో సంవత్సరంలో చేరొచ్చు. అలా వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చింది నేను చూళ్ళేదు, అది కూడా చెబుతున్నాను. నాకైతే నువ్వు వెళ్ళకూడదనే ఉంది. ఇంటికెళ్ళి ఆలోచించుకో. టీసీయే కావాలంటే రేపు రా, నోరెత్తకుండా రాసిస్తాను."

"ఆయ్" అంది. ముట్టినట్టు సంతకం పెడుతుంటే దాని వేళ్ళు చూశాను. కొసలు నున్నగా, గీతల్లేకుండా మెరుస్తున్నాయి. పూతరేకులు ఎన్నిసార్లు తిన్నానో, ఆ వేళ్ళను మాత్రం అంతకుముందు చూడలేదు.

మూడో రోజు బ్రేక్ ఆఫ్ స్టడీ అర్జీ రాసుకుని వచ్చింది.

"వెళ్తున్నానండి. ఏడాదికేనండి. కాగితాలు ఇవ్వలేదండి."

"షాపాయన ఒప్పుకున్నాడా?"

"మనుషుల కోసం మా ఊరొచ్చారండి, మొదట కుదరదన్నారండి. కాగితం ఉంటేనే పనంటే ఆ కాగితంతోనే రేకులు తీయించుకోండి అన్నానండి. మా నాన్న నోరు మూసుకోమన్నాడండి. షాపాయన వెళ్ళి ఇంకో నలుగురి చేత తీయించి చూసుకుని, సాయంత్రం మళ్ళీ మా ఇంటికే వచ్చారండి. జీతం ఐదొందలు తగ్గించారండి. సరేనన్నానండి."

నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "చేతిలో డబ్బు ఆడటం మొదలయ్యాక చదువు గుర్తుండదే. ఉండిపో."

"నాకూ ఆ భయం ఉందండి. అందుకే వచ్చే జూన్‌లో కాలేజీ తెరిచిన రోజే వస్తానని అమ్మకి చెప్పానండి. ఇప్పుడు మీకూ చెబుతున్నానండి. ఇద్దరికి చెప్పాక తప్పలేను కదండి."

వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. మెమో అంటే తప్పు చేసిన ఉద్యోగిని సంజాయిషీ అడుగుతూ ఇచ్చే కాగితం. టీసీ లేకుండా ఒరిజినల్స్ ఎందుకిచ్చారు అని. నేను ఒక్క వాక్యం రాసిచ్చాను: అవి ఆ అమ్మాయివి కాబట్టి ఆ అమ్మాయికి ఇచ్చాను.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "ఏంటండి విజయలక్ష్మి గారూ, ఇదా సమాధానం?"

"నా దగ్గర ఇంతకంటే లేదండి."

"ఆ పిల్ల తిరిగి రాకపోతే సర్వీసు బుక్కులో రాయాల్సి వస్తుందండి మరి" అన్నారు. ఉద్యోగి మంచీ చెడూ ఎక్కే పుస్తకం అది. అప్పటిదాకా నా పుస్తకంలో మచ్చ లేదు. రాస్తే రాసుకోండి అని పైకి అనలేదు గానీ, మొహంలో కనిపించే ఉంటుంది.

ఆ ఏడాది మూర్తి గారి అటెండెన్స్ రిజిస్టరు నా టేబులు మీదికి వచ్చినప్పుడల్లా ముందు దాని నంబరు ఎదురుగా ఉన్న ఖాళీ గడులే చూసేదాన్ని. మెమో కోసం కాదు. తిరిగి వస్తుందని అందరిలో నేనొక్కదాన్నే నమ్మాను, రాకపోతే ఆ నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

జూన్‌లో కాలేజీ తెరిచాం. మొదటి రోజు వీరవేణి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు మా ఆఫీసు సూపరింటెండెంటు గారు నా టేబులు పక్కనుంచి పోతూ దగ్గారు. ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు.

నాలుగో రోజు పది గంటలకు కౌంటరు తలుపు తీసేసరికి వరసలో అందరికంటే ముందు నిలబడి ఉంది. మనిషి కాస్త చిక్కింది. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"నాలుగు రోజులు లేటండి. నా బదులు మనిషికి పని నేర్పేదాకా కదలనివ్వలేదండి. ఫైనుందాండి?"

ఫైను సంగతి తర్వాత, ముందు నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అంతమంది పిల్లల ముందు. "సచ్చినదానా, చెప్పిన రోజు రాలేవూ!" అని కేకేశాను. వరసంతా నవ్వింది. ఈసారి వీరవేణి కూడా నవ్వింది.

"అమ్మ ఎలా ఉంది?"

"పీట ఎక్కట్లేదండి. కుర్చీలో కూర్చుని నెయ్యి రాసి చుడుతోందండి, అంతే."

కవరు నా ముందుకు తోసింది. "ఇవిగోండి, ఒరిజినల్స్."

చూసి, నంబర్లు రాసుకుని, వెనక్కి తోశాను. "జిరాక్స్ కాపీలు ఇచ్చి ఇవి ఇంటికి పట్టుకుపో" అన్నాను.

ఆ ఏడు తెల్లారుజామున రేకులు తీస్తూనే చదివింది. సెకండ్ క్లాసులో పాసైంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు, బ్యాంకు పరీక్షలేమైనా రాస్తున్నావా అని అడిగాను. లేదండి, ఊళ్ళోనే సొంతంగా నాలుగు కుండలు పెడుతున్నానండి, పీటలు కాకుండా కాళ్ళు చాపుకునేలా దిమ్మలు కట్టిస్తున్నానండి అంది.

"మరి డిగ్రీ ఎందుకే తల్లీ, అంత తంటాలు పడి?"

"చదవాలనిపించిందండి, చదివానండి" అంది, అందులో అడగడానికేముందన్నట్టు.

చదువా పనా అని పిల్లలకు తేల్చి చెప్పడమే నా ఉద్యోగమని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను. అది తమ ఇంటి సంగతి తెలిసిన ఆ పిల్లలే తేల్చుకోవాలి. వెళ్ళడానికి ఏ దారి, తిరిగి రావడానికి ఏ దారి, రెండూ దాచకుండా చెప్పడం నా పని. వాళ్ళ కాగితాలు వాళ్ళకివ్వడం నా పని. ఆ తర్వాత అడిగిన పిల్లలకు అడిగినట్టే ఒరిజినల్స్ ఇచ్చాను. ఇంకో రెండు మెమోలు వచ్చాయి. మూడోదానికి ప్రిన్సిపాల్ గారే విసిగిపోయి, చూసి వెనక్కిచ్చెయ్యండి, మన దగ్గర కాపీలు చాలు అని సర్క్యులర్ తీశారు.

2009లో రిటైరయ్యాను. ఆఖరి రోజు తాళంచెవి బొడ్లోంచి తీసి నా స్థానంలో వచ్చిన అబ్బాయికి ఇచ్చాను. కౌంటరు దగ్గర పిల్లలు అప్పటికీ నన్ను బీరువా మేడమ్ అనే పిలుస్తున్నారని విని, ఇందులో ఏముందో అని ఆత్రంగా తలుపు తీశాడు. ఒక్కో అర చూసుకుంటూ కింది దాకా వంగాడు.

"ఏంటండి మేడమ్, ఖాళీగా ఉంది?"

"ఎవరివి వాళ్ళకి చేర్చడానికి ఆరేళ్ళు పట్టింది బాబూ" అన్నాను.