టీ తిండి కాదుగా

తిరువూరు బస్టాండు దగ్గర హనీఫ్ కేక వేస్తే, విస్సన్నపేట వెళ్లాల్సినవాళ్లే కాదు, వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు కూడా వచ్చి ఆయన ఆటో ఎక్కేవారు. అంత గొంతు ఆయనది. అలాంటి గొంతు ఎండాకాలంలో బొంగురుపోయింది. ఛాతీలో మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు సరేసరి. స్టాండులో అందరూ దానికి గ్యాసని పేరు పెట్టి సోడా తాగమన్నారు. తాగాడు. త్రేన్పులు వచ్చాయి గానీ గొంతు రాలేదు.

గొంతు డాక్టరు గిరిబాబు కెమెరా పెట్టి చూసి, గడ్డలేమీ లేవు, కడుపులో యాసిడ్ పైకి తన్ని గొంతును కాలుస్తోందని చెప్పాడు. పొద్దున్నే ఏమీ తినకముందు వేసుకోమని బిళ్ళలు రాశాడు. హనీఫ్ ఒక్కరోజు కూడా మానలేదు. అయినా తగ్గలేదు. దాంతో ఆయన బుర్ర చెడ్డదారి పట్టింది. తనకేదో పెద్ద జబ్బే ఉంది, డాక్టరు దాస్తున్నాడు అనుకున్నాడు. భార్య ఖతీజాబీకి మాత్రం చెప్పలేదు. ఆవిడ ఎదురుగా నవ్వడం, పెరట్లోకి వెళ్లి గొంతు తడుముకోవడం. మగాళ్ల ధైర్యం ఇలాగే ఏడ్చింది.

చివరికి ఉండబట్టలేక మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాడు.

"నిజం చెప్పండి సార్. క్యాన్సరేనా?"

కాదని చెప్పి, లేచింది మొదలు ఏం చేస్తావో వరసగా చెప్పమన్నాడు డాక్టరు. లేవగానే ఇంట్లో ఒక టీ, స్టాండులో ఇంకో టీ, ఆ తర్వాత బిళ్ళ, వెంటనే ఇడ్లీ అన్నాడు హనీఫ్.

"ఏమీ తినకముందు అన్నాను కదయ్యా."

"తినలేదండి. టీయే తాగాను."

డాక్టరు నవ్వాపుకుని, పరగడుపంటే టీ కూడా లేకుండానే అని విడమరిచి చెప్పాడు. లేవగానే నీళ్లతో బిళ్ళ వేసుకుని, అరగంట ఆగి టిఫిను తినమన్నాడు. రాత్రి పెందలాడే తినాలి, తిన్నవెంటనే పడుకోకూడదు, మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి. పరగడుపు టీ మానేయాలి. క్యాన్సర్ కాదన్న సంతోషంలో ఉండి కూడా, ఆ చివరి మాటకి హనీఫ్ మొహం వాడిపోయింది.

వానలు పడేనాటికి గొంతు మళ్లీ లేచింది. ఆనందం పట్టలేక ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర, తాను పడ్డ భయమంతా ఖతీజాబీకి కథలా చెప్పాడు, నవ్వుతుందనుకుని. ఆవిడ నవ్వలేదు. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి గదిలోకి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. బస్టాండంతా వినపడే గొంతున్న మనిషి ఆ గది గుమ్మం ముందు నోరు పెగలక నిలబడ్డాడు.

ఆవిడే బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకోసారి భయమేస్తే నాకు చెప్పండి. ఇద్దరం కలిసే భయపడదాం."